అన్న కూలీ, నా జీతం

మాది నారాయణపేట వైపు పల్లె. కరువు ఏడాదుల్లో అమ్మానాన్న పుణెకు మట్టిపనికి పోయేవాళ్లు. అన్న బడి మానేసి వాళ్ల వెంట పోయాడు. నన్ను హాస్టల్లో వేశారు. చదువు అయింది, మహబూబ్‌నగర్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. నిద్ర పట్టకపోవడం అప్పుడే మొదలైంది.

ఏది కొన్నా అన్న రోజుకూలీతో లెక్కేసేవాణ్ని. ఏసీ పెట్టించి ఎండాకాలమంతా వేయలేదు. జీతం రాగానే అన్నకు పంపితే రెండ్రోజులు హాయి, తర్వాత మళ్లీ అదే బరువు. చివరికి హైదరాబాద్‌లోని ఒక సైకోఅనలిటిక్ థెరపిస్టుతో (మనసులో మనకే తెలియకుండా దాగినవాటిని మాటల్లోంచి వెతికే పద్ధతి వాళ్లది) వారం వారం వీడియో కాల్‌లో మాట్లాడటం మొదలుపెట్టాను. ఆ ఫీజు కట్టినా గిల్టే!

మేడమ్ సలహాలివ్వరు. మనసుకు తోచింది చెప్పమని వింటారు. మొదట్లో చిరాకేసింది. గిల్ట్ అంతా ఒకే జాతి కాదని మెల్లగా తెలిసింది. ఒకరికి నిజంగా చెడు చేస్తే వచ్చేది వేరు, దానికి క్షమాపణ అడగొచ్చు. తనవాళ్లకు దక్కనిది తనకు దక్కిందని వచ్చేది వేరు. నాది రెండోదేనని తేల్చేసుకున్నాను. కోరుకున్నది దక్కాకే కూలిపోయే మనుషుల గురించి ఈ పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1916లోనే రాశాడని తెలిసి కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఒకరోజు హాస్టల్ సంగతి చెబుతుంటే నోటివెంట వచ్చేసింది: "వాడికి అమ్మ దొరికింది."

ఎండలో తట్టలు మోసిన అన్న మీద నాకు అసూయ! వాడు లేకుంటే అమ్మ నన్నే తీసుకుపోయేదని ఆ వయసులో ఎన్ని రాత్రులు అనుకున్నానో. తప్పు చేశావని మనల్ని మనసులోంచే నిలదీసే జడ్జి ఒకడుంటాడు, ఫ్రాయిడ్ 1923లో సూపర్ ఈగో అని పేరు పెట్టింది ఆ లోపలి జడ్జికే. చేసిన పనికీ, మనసులో అనుకున్నదానికీ అది తేడా చూడదు. డబ్బు పంపినా ఎందుకు తీరలేదో అప్పుడు అర్థమైంది. నేను కడుతున్న బాకీ ఒకటి, లోపల రాసి ఉన్నది ఇంకొకటి.

ఫ్రాయిడ్ తర్వాతి తరం సైకోఅనలిస్టు మెలనీ క్లైన్ ఆలోచనలు ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాయి. శిక్ష పడుతుందన్న భయంలోంచి వచ్చే గిల్ట్ మనిషిని తన చుట్టూనే తిప్పుతుంది. ప్రేమలోంచి వచ్చేది ఎదుటివాళ్లను చూసి, చెడినదాన్ని బాగుచేయమంటుంది. నా మనీ ట్రాన్స్‌ఫర్లలో భయమే ఎక్కువ. అన్నకు ఏం కావాలో అడగాలన్న ఆలోచన ఆ భయానికి రాదు.

ఈ మధ్య అడిగాను. "పైసలొద్దు తమ్మీ, పిల్లకు దోస్త్‌ల కాలేజీ ఆప్షన్లు పెట్టనీకి రా" అన్నాడు. దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే పద్ధతి. వెళ్లాను. మహబూబ్‌నగర్ అని నేను, నారాయణపేట చాలని అన్న, గట్టిగానే కొట్లాడుకున్నాం. ఇదివరకైతే అన్నకు ఎదురు చెప్పడానికి నాకు నోరు పెగిలేది కాదు.