కేరిన్ పందెం: గాలి లెక్క, డబ్బు లెక్క

టోక్యో శివార్లలోని తచికావా వెలోడ్రోమ్‌కు, అంటే సైకిల్ పందేల మైదానానికి, మొదటిసారి వెళ్లిన రోజున, తొమ్మిది మంది రైడర్లలో అందరికన్నా వేగంగా తొక్కేవాడెవరో తెలిస్తే చాలు, పందెం సంగతి తెలిసినట్టేనని అనుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలోని పత్రికలో రైడర్ల అంకెలు రెండు మూడు చొప్పున గుంపులుగా అచ్చయి ఉండటం గమనించి, వాటి అర్థం అడిగి తెలుసుకున్నాక గానీ కేరిన్ అనే ఆ జపాన్ సైకిల్ పోటీ నాకు బోధపడలేదు.

ఆ గుంపు పేరు ‘లైన్’. వేగం పెరిగే కొద్దీ గాలి మరింతగా అడ్డుపడుతుంది కాబట్టి, ఒకరు దాన్ని చీల్చుకుంటూ పోతుంటే వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని వచ్చేవారికి శ్రమ చాలావరకు తప్పుతుంది. అందుకే సాధారణంగా ఒకే ప్రాంతానికి చెందిన రైడర్లు వరుస కడతారు. బలమున్న కుర్రవాడు ముందుంటాడు. అనుభవజ్ఞుడు అతని వెనక ఉండి, దాటిపోవడానికి వచ్చే ఇతర లైన్లవారికి పక్కకు జరిగి అడ్డుపడుతూ, అవసరమైతే భుజం తగిలిస్తూ అతన్ని కాపాడతాడు, ఆఖరి మలుపు దాటాక మాత్రం తన గెలుపు తాను చూసుకుంటాడు. ఎవరి వెనక ఎవరుంటారో రైడర్లే ముందుగా చెబుతారు, పత్రికలు దాన్ని అచ్చువేస్తాయి; కనుక దీన్ని కుమ్మక్కు అనడం అన్యాయం. పైగా పోటీలు జరిగే రోజుల్లో వారి ఫోన్లు తీసేసుకుని, బయటివారితో మాట లేకుండా వసతిగృహంలోనే ఉంచుతారు. ఆ కట్టుదిట్టం మీద నాకు ఎంతో గౌరవం.

ఇక డబ్బు సంగతి. యుద్ధంలో చితికిపోయిన పట్టణాలకు నిధులు సమకూర్చడానికి 1948లో జపాన్‌లోని కోకురా నగరంలో ఈ పోటీలను ప్రారంభించారు. నేటికీ వీటిని నిర్వహించేది స్థానిక ప్రభుత్వాలే. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మీద బుక్‌మేకర్ల దగ్గర పందెం కడితే, కట్టిన క్షణాన ఉన్న రేటే సాధారణంగా ఖాయమవుతుంది. కేరిన్‌లో అలా కాదు. మలక్‌పేట గుర్రప్పందేల టోట్‌లో లాగానే అందరి సొమ్మూ ఒకచోట చేరుతుంది, అందులో సుమారు నాలుగో వంతు తీసేసి, మిగిలినది గెలిచినవారికి పంచుతారు. మొదటి ముగ్గురినీ వరుస క్రమంలో చెప్పాలంటే 504 అవకాశాలున్నాయి, ఒక్కో టికెట్ 100 యెన్‌లు. అన్నింటి మీదా సమానంగా సొమ్ము పడితే గెలిచిన టికెట్‌కు వచ్చేది 37,800. అన్నీ కొనడానికి అయ్యేది 50,400. లైన్లను ఎంత లోతుగా చదివినవారైనా ఈ కోతను దాటి దీర్ఘకాలం లాభపడటం చాలా కష్టమని నా అభిప్రాయం.

ఆ సాయంత్రం చూసిన ఒక పోటీని మాత్రం మరచిపోలేను. ఒకటిన్నర చుట్లు మిగిలి ఉన్నాయని గంట మోగగానే, రెండు లైన్ల కుర్రవాళ్లు ముందు స్థానం కోసం ఒకరినొకరు వదలకుండా పోరాడి, చివరి చుట్టు సగానికే ఇద్దరూ అలసిపోయారు. జనం సొమ్ము చాలావరకు వాళ్లమీదే ఉంది. అంతవరకూ వెనక గాలిచాటున ఉన్న మూడో లైన్ రైడరు బయటివైపు నుంచి చుట్టి వచ్చి అందరినీ దాటేశాడు. అప్పటినుంచి ఏ పోటీ పత్రిక తీసినా, ముందుండి గాలిని ఎదుర్కొనే స్వభావమున్న రైడర్లు ఎందరున్నారన్నదే నేను మొదట లెక్కపెడతాను.