ఉదయగిరి ఫొటోలో జేజి

పదో తరగతిలో మమ్మల్ని ఉదయగిరి దుర్గం చూపించడానికి తీసుకెళ్ళారు. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అని సోషల్ సారు దారంతా చెప్తూనే ఉన్నారు. మా ధ్యాసంతా మా ఫ్రెండు వాళ్ళ బాబాయిని బతిమాలి తెచ్చిన బాక్స్ కెమెరా మీదే.

తర్వాత కావలిలో రీలు కడిగించాం. గ్రూప్ ఫొటోలో, మా వెనక కోటగోడ నీడలో, తెల్ల చీరలో ఒక ఆడమనిషి! చీరలోంచి గోడరాళ్ళు కనిపిస్తున్నాయి. ముఖం లేదు, కాళ్ళు లేవు. ఆ ఫొటో చూసిన ఒకమ్మాయికి రెండు రోజులు జ్వరం. వాళ్ళమ్మ దిష్టి తీసి, కసుమూరు దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. ఫొటో చింపేయమన్నారు కొందరు.

సైన్సు సారు మమ్మల్ని చూసి నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. నెగటివ్ కిటికీ వెలుగుకి పెట్టి చూసి, "మొత్తం ఎన్ని తీశార్రా?" అని అడిగారు.

"పదమూడు సార్. నోట్‌బుక్‌లో రాసుకున్నాం."

"ఈ కెమెరాలో 120 సైజు ఫిలిం మీద పడేది పన్నెండు ఫొటోలే కదా!"

నోట్‌బుక్ తీశాం. మొదటి లైను: జేజి, తులసికోట దగ్గర. రెండోది గ్రూప్. జేజి అంటే నాయనమ్మ. ఆమె ఫొటో మాత్రం కవర్లో లేదు. ఆ కెమెరాలో ఫిలిం చేత్తో తిప్పాలి. బయల్దేరే హడావుడిలో కెమెరా తెచ్చిన మా ఫ్రెండు తిప్పడం మర్చిపోయాడు, ఒకే ముక్క మీద రెండు ఫొటోలు పడ్డాయి. గోడ నీడ పడ్డ చోట ఫిలిం మీద వెలుగు తక్కువ, అందుకని జేజి చీర తేలింది. ముఖం మీద తెల్లటి ఆకాశం, కాళ్ళ మీద మా తెల్ల చొక్కాలు పడి అవి చెరిగిపోయాయి. సారు చూపించాక చీర పక్కన తులసికోట అంచు కూడా కనబడింది.

అమెరికాలో విలియం మమ్లర్ అనే ఆయన 1860ల్లో ఆత్మల ఫొటోలంటూ ఇలాంటివే తీసిచ్చేవాడని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అయినవాళ్ళని పోగొట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకునేవాడు. 1869లో న్యూయార్క్‌లో కేసు నడిచింది, సాక్ష్యం చాలక వదిలేశారు. అది చదివి కడుపు రగిలిపోయింది. మా సారు ఆ నెగటివ్ పట్టుకుని నిలబడ్డ కిటికీ గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే ఫొటో తీసుకుని జేజి దగ్గరికి వెళ్ళాం. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా జన్మలో ఆ కొండ ఎక్కింది లేదబ్బయా. మీతోపాటు నన్నూ తీసుకుపోయినారే!" అంది.

బొడ్లో దోపుకున్న సంచి తీసి, ఫ్రేము కట్టించుకు రమ్మని డబ్బులిచ్చింది.