తాతయ్య పటానికి అద్దం నేనే కోశాను

గోడలకి రంగులు వేయించినప్పుడు దింపిన తాతయ్య పటం మళ్ళీ తగిలిస్తుంటే చేయి జారి కింద పడింది. ఫ్రేమ్‌కి ఏమీ కాలేదు, అద్దం మాత్రం మూడు ముక్కలైంది. ఎల్లుండే ఆబ్దికం. పటాలు కట్టే కొట్టుకి ఫోన్ చేస్తే చేతిలో చాలా పని ఉంది, వారం పడుతుందన్నారు. నానమ్మ నన్ను ఒక్క మాట కూడా అనకుండా ముక్కలు ఏరుతూ కూర్చుంది, అది చూశాక ఇంట్లోనే కోద్దామని నిర్ణయించుకున్నాను.

ముందు ఫోటో సంగతి. ఆ రోజుల్లో ఫోటోని నేరుగా అద్దానికి ఆనించి కట్టేసేవాళ్ళు కదా, వానాకాలం తేమకి పైపొర మెత్తబడి గాజుకి అతుక్కుపోతుంది, బలంగా లాగితే బొమ్మే ఊడొచ్చేస్తుంది. మాది తెల్ల అంచు దగ్గర మాత్రమే అంటుకుంది, అక్కడ కాస్త చిరిగింది కానీ మొహం దాకా రాలేదు. ఈసారి మధ్యలో అట్ట మౌంట్ పెట్టాను, ఫోటో గాజుకి తగలదు.

అటక మీద పాత గ్రూప్ ఫోటో ఫ్రేమ్‌లో 14 బై 18 అంగుళాల అద్దం దొరికింది, 2 మి.మీ. మందం. మామూలు గాజు కాబట్టి సరిపోయింది, టఫెన్డ్ గ్లాస్ (వేడి చేసి గట్టిపరిచిన గాజు) అయితే కోయబోతే మొత్తం పొడిపొడి అయిపోతుంది, దాన్ని కోయలేం. హార్డ్‌వేర్ కొట్లో చిన్న చక్రం ఉన్న గ్లాస్ కట్టర్ కొన్నాను. చక్రానికి రాయడానికి కుట్టుమిషన్ నూనె ఉంది. కళ్ళద్దాలు, బూట్లు వేసుకుని, బల్ల మీద దుప్పటి పరిచి, పిల్లల్ని గదిలోకి రానివ్వలేదు.

పగిలిన ముక్కల మీద ముందు నేర్చుకున్నాను. నిజానికి కట్టర్ గాజుని కోయదు, పైన సన్నటి గాటు పెడుతుంది అంతే, మనం వంచినప్పుడు ఆ గాటు వెంట పగులుతుంది. అందుకే ఒక్కసారే గీయాలి. గీత సరిగ్గా పడలేదేమోనని రెండోసారి దాని మీదే లాగాను, విరిస్తే పగులు పక్కకి పోయింది, పైగా చక్రం కూడా మొద్దుబారుతుందట. సరైన గీత కంటికి సరిగ్గా ఆనదు కూడా, చెవికి తెలుస్తుంది: ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెంపు లేకుండా సర్‌ర్‌ర్‌మని సన్నటి చప్పుడు. గీత వెంట తెల్లగా పొడి లేస్తే ఎక్కువ నొక్కుతున్నట్టు. నాకు ఆ చప్పుడు ఆరో గీతకి వచ్చింది.

ఫ్రేమ్ వెనక అద్దం కూర్చునే గాడి కొలిస్తే 254 బై 305 మి.మీ. వచ్చింది. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, పాత ఫ్రేమ్ మూలలు సరిగ్గా ఉండవు, అందుకని 252 బై 303 అనుకున్నాను. స్టీలు స్కేలు జారకుండా అడుగున మెడికల్ టేపు అంటించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాను. గీత చల్లారకముందే విరవాలంటారు, వెంటనే గీత మొదట్లో కింద అగ్గిపుల్ల పెట్టి రెండు పక్కలా బొటనవేళ్ళతో నొక్కాను. టక్‌మంది. అంచు చూస్తే గీసినట్టు తిన్నగా ఉంది, ఆ నిమిషం పట్టలేనంత సంతోషం వేసింది.

రెండో కోత కూడా తిన్నగానే వచ్చింది కానీ గాడిలో దిగలేదు. కట్టర్ తల అంచుకీ చక్రానికీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది, స్కేలుని అంత వెనక్కి పెట్టాలి, ఆ టెన్షన్‌లో మర్చిపోయి సరిగ్గా గుర్తు మీదే పెట్టాను. వెడల్పు 254న్నర అయింది. అంత సన్నటి పట్టీని చేత్తో విరవలేం, పటకారతో కొరుకుతూ పోతే మొత్తం పోవచ్చు. కాసేపు ఆలోచించి, అద్దం జోలికి పోకుండా ఉలితో గాడినే రెండు పక్కలా కొద్దికొద్దిగా చెక్కాను. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు.

అంచుల్ని 220 నంబర్ గరుకు కాగితంతో తడిపి రుద్దాను, పొడిగా రుద్దితే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోపలి వైపు వేలిముద్ర ఉండిపోతే మళ్ళీ మేకులన్నీ ఊడదీయాలి కాబట్టి వెలుతురుకి పట్టి రెండుసార్లు తుడిచాను. సన్న మేకులు సుత్తితో కొట్టకుండా పటకారతో చెక్కలోకి నొక్కాను.

ఆబ్దికం రోజు పొద్దున నానమ్మ గంధం తెచ్చి, పాత అద్దం మీద ఎక్కడ పెట్టేదో అక్కడే బొట్టు పెట్టింది. పగిలిన ముక్కలు నాలుగు పొరల పేపర్లో చుట్టి, టేపు వేసి, చెత్తబండి అతని చేయి కోసుకోకుండా పైన పెద్ద అక్షరాలతో ‘గాజు’ అని రాసి ఇచ్చాను.