ఆరు రోజుల్లో ఐదు ఆటలు: సువానీ 1899

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని మన సువానీ కాలేజీలో, అంటే మన కొండ మీద, చదివినవాళ్లలో ఎవర్ని కదిపినా తడుముకోకుండా చెప్పే అంకెలు ఐదున్నాయి, మన ఫుట్‌బాల్ జట్టు ఐదు ఆటల్లో చేసిన పాయింట్లు: 12, 10, 23, 34, 12. ఎదుటివాళ్ల పక్కన ఐదుసార్లూ సున్నాయే. 1899 నవంబరు 9న ఆస్టిన్‌లో టెక్సస్, 10న హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం, 11న న్యూ ఆర్లియన్స్‌లో టులేన్. 12వ తేదీ ఆదివారం, మనది చర్చి కాలేజీ కాబట్టి ఆట లేదు. 13న బాటన్ రూజ్‌లో లూసియానా స్టేట్, 14న మెంఫిస్‌లో మిసిసిపీ.

ఇంటి దగ్గర చదివేవాళ్ల కోసం ఒక మాట. ఈ ఫుట్‌బాల్ మనూళ్లలో ఆడేది కాదు, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే అమెరికా ఆట. ఆనాటి నిబంధనలు ఇప్పటికంటే మొరటువి. బంతిని ముందుకు విసరడం 1906 దాకా లేదు. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు సాధించాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటిస్తే, 5 పాయింట్లు, దాని తర్వాత గోల్ కిక్‌కు 1, ఆట మధ్యలో బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నే ఫీల్డ్ గోల్‌కు కూడా 5. 35 నిమిషాల చొప్పున రెండు సగాలు. దాడికీ రక్షణకీ అదే పదకొండు మంది. బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లడానికి వీల్లేదు. తలకు టోపీ తప్పనిసరి కాదు. ఇలాంటి ఆటను మూడు రోజులు వరసగా ఆడి, ఒక రోజు ఆగి, మళ్లీ రెండు రోజులు ఆడారు. వెళ్లింది 21 మంది.

అసలు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందంటే, డబ్బు కోసం. టికెట్ల రాబడి పంపకంలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ కాలేజీతో తేడా వచ్చి ఆ ఏడు వాళ్లతో ఆట పోయింది. మంచి రాబడి తెచ్చే ఆట అదే. ఆ లోటు పూడ్చడానికి మేనేజరుగా ఉన్న విద్యార్థి లూక్ లీ సుమారు 2,500 మైళ్ల రైలు ప్రయాణానికి పథకం వేశాడు. పగలు ఆట, రాత్రి రైలు. హోటల్ ఖర్చు తగ్గింది, కానీ దెబ్బలు తిన్న ఒళ్లు కుదుటపడే వ్యవధి కూడా రైలు పెట్టెలోనే దొరకాలి. నా దృష్టిలో ఆ జట్టులో పన్నెండో ఆటగాడు లూక్ లీయే. తర్వాతి కాలంలో అమెరికా సెనేటర్ అయ్యాడు.

ఊరూరా నీళ్లు మారితే కడుపు చెడుతుందని మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జట్టు భయం కూడా అదే. అందుకే కొండ మీది ట్రెమ్లెట్ ఊట నీళ్లు రెండు పీపాల నిండా పట్టి రైల్లో ఎక్కించుకున్నారు. నీళ్లు మర్చిపోలేదు గానీ బూట్లు మర్చిపోయారు. మూట సువానీ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. రైలు కదిలాక చూసుకుని, వెనక బండిలో తెప్పించుకున్నారు. ఆ మూట అందకపోయి ఉంటే ఆస్టిన్‌లో పట్టు దొరకక కాళ్లు జారేవి, ఈ అంకెలూ ఉండేవి కావు.

టెక్సస్ ఆటలో కెప్టెన్ హెన్రీ సీబెల్స్ తల పగిలింది. బయటికి వస్తే తిరిగి వెళ్లడం కుదరదు కదా! పట్టీ అంటించుకుని ఆట సాగించాడు.

వేసవి సంగతి కూడా చెప్పాలి. కొండ మీది చలి వల్ల అప్పట్లో మన కాలేజీకి పెద్ద సెలవులు శీతాకాలంలో ఉండేవి, వేసవిలో తరగతులు నడిచేవి. మిగతా కాలేజీల పిల్లలు ఇళ్లలో ఉన్న రోజుల్లో ఇక్కడి పిల్లలు ఒకేచోట ఉండేవారు. ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన కోచ్ బిల్లీ సూటర్‌కు సాధన చేయించడానికి అదెంత కలిసొచ్చిందో, ఐదో ఆటలోనూ ఒక్క పాయింటూ ఇవ్వని కాళ్లే చెబుతాయి.

ఈ యాత్ర గురించి ఎంత చెప్పుకున్నా, ఆ ఏడు నిజంగా ప్రాణం మీదికి వచ్చింది మాత్రం నవంబరు 30న మాంట్‌గమరీలో. జాన్ హైస్‌మన్ తయారుచేసిన ఆబర్న్ జట్టు 10 పాయింట్లు చేసింది. సువానీ 11. సీజన్ మొత్తంలో మనమీద పడినవి ఆ పదే. రెండు రోజులకే, డిసెంబరు 2న, అట్లాంటాలో నార్త్ కరొలైనా మీద 5-0. అప్పటికి 12 ఆటలు, 12 గెలుపులు, 322 పాయింట్లు. ఆ తర్వాత శీతాకాలం సెలవులకు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు.