మూడు వందల ఒకటి

పడుకుందామని లైటు ఆపేసి మళ్ళీ లేచి వచ్చాను. పన్నెండు కావస్తోంది. "ఏటి, ఇంకా ఫోనేనా" అని ఒక మాట అని మా ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఆవిడ సంగతి మీకు తెలిసిందే, రాత్రి రెండోసారి అడగదు, పొద్దున్న కాఫీతో పాటు అడుగుతుంది.

మంచి కబురు ముందు చెప్పేస్తాను, లేకపోతే ఈ గొడవలో పడి మర్చిపోతాను. చిన్నది ఇవాళ సైకిలు తొక్కేసింది. వెనక నేను పట్టుకునే ఉన్నాననుకుని వీధి చివర వేపచెట్టు దాకా వెళ్ళిపోయి, వెనక్కి చూసి నేను లేకపోయేసరికి దబ్బున పడింది. మోకాలు చెక్కుకుపోయింది గానీ ఏడవలేదు. "వదిలేసి, పట్టుకున్నా పట్టుకున్నా అని ఎందుకు అరిచావు?" అని మాత్రం అడిగింది. నవ్వేశాను.

ఇక మాస్టారు.

ఆదివారం పదకొండు గంటలంటే మా షాపు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఒకపక్క పెళ్ళివాళ్ళు బారెడు లిస్టు చదువుతున్నారు, ఇంకోపక్క హైవే మీద కారాపి వచ్చిన హైదరాబాదు వాళ్ళు నలుగురు "పలాస జీడిపప్పు, మంచిది" అంటున్నారు, ఫోన్‌పే డబ్బా మధ్యమధ్యలో అరుస్తోంది. సరిగ్గా అప్పుడు లెక్కల మాస్టారు వచ్చి, సంచిలోంచి నా కవరే తీసి, కౌంటరు మీద న్యూస్ పేపరు పరిచి, దాని మీద జీడిపప్పంతా బోర్లించారు.

"ఒరే, మూడు వందల ఒకటి ఉన్నాయి. మనవడు రెండు తినేశాడు, అవి కలిపే చెప్తున్నాను."

మా ఊళ్ళో వాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు, బయటివాళ్ళ కోసం రాస్తున్నాను. జీడిపప్పు గుండ్లకి, అంటే విరగని పప్పుకి, 180, 210, 240, 320 అని నంబర్లు ఉంటాయి. ఆ నంబరు ఏదో కంపెనీ కోడు కాదు, ఒక పౌను తూకంలో ఎన్ని పలుకులు తూగుతాయన్న లెక్క. పౌనంటే 454 గ్రాములు. నంబరు తగ్గేకొద్దీ పలుకు పెద్దది, ధర ఎక్కువ. 240 అంటే పౌనుకి 220కీ 240కీ మధ్య ఉండాలి, అంటే అరకేజీకి గట్టిగా లెక్కేసినా 265 దాటకూడదు. 320 అయితే అరకేజీకి 330 నుంచి 350 దాకా వస్తాయి. మాస్టారు అరకేజీ 240 అడిగి, 240 ధర ఇచ్చి, 301 పట్టుకెళ్ళారు. అంటే అటూ కాదు, ఇటూ కాదు, కలిపేసిన సరుకు.

ఆయన కూర్చుని మూడు వందల పలుకులు లెక్కపెట్టారంటే ఎంత తీరికో చూడండి. రిటైరయి ఏళ్ళయినా ఇంకా ఎవడో ఒకడి నోట్సు దిద్దకపోతే అన్నం సయించదు ఆయనకి. సరే, లెక్కపెట్టావు, ఫోన్ చెయ్యొచ్చు కదా? సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా? పెళ్ళివాళ్ళ ముందు, కారువాళ్ళ ముందు, తొమ్మిదో క్లాసులో బోర్డు దగ్గరికి పిలిచినట్టు పిలిచి "240 అంటే ఎంత ఉండాలో నువ్వే చెప్పరా" అనడమేమిటి? నలభై రెండేళ్ళ మనిషిని. ఇద్దరు పిల్లల తండ్రిని. పైగా ఈయన మూడు రూపాయల దగ్గర పావుగంట బేరమాడే మనిషి, కొత్తిమీర కట్ట ఊరికే వెయ్యలేదని కూరగాయలామెతో వారం రోజులు మాట్లాడని మనిషి.

"కుర్రాడి పొరపాటు మాస్టారూ, డబ్బాలు మారిపోయాయి" అన్నాను. కొత్త డబ్బా కోసి ఇంకో అరకేజీ తూచి ఇచ్చాను. పాతది కూడా ఉంచేసుకోండి అన్నాను. ఉంచుకోలేదు. పేపరు నాలుగు మూలలూ పట్టుకుని ఒక్క పలుకు కింద పడకుండా తిరిగి కవర్లో పోసి నా చేతిలో పెట్టారు. గుమ్మం దిగుతూ, "ఇది లెక్కపెట్టనులేరా" అన్నారు.

ఆ మాట మీదే నాకు మండింది. లెక్కపెట్టుకో. ఎవరొద్దన్నారు?

కారువాళ్ళు "మళ్ళీ వస్తామండీ" అని వెళ్ళిపోయారు. వాళ్ళు రారు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఇదంతా చెబితే మా బామ్మర్ది ఫోన్లోంచి ఒక వీడియో తీసి పంపాడు. కోటు వేసుకున్నాయన ఒకడు అటూ ఇటూ నడుస్తూ, వ్యాపారానికి నిజాయితీయే పెట్టుబడి, ముందు మీ మైండ్‌సెట్ మార్చుకోండి అంటున్నాడు. నాకు తెలిసిన పెట్టుబడి సీజన్లో సరుకు కొనడానికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేది. మా జీడితోటల ప్రాంతం ఉద్దానంలో పిక్కల బస్తా, అంటే పెంకు తియ్యని జీడిగింజల బస్తా, 80 కేజీలు, దాంట్లో దిగేది ఇరవై కేజీల పైచిలుకు పప్పు, అందులో గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అన్నది నీ అదృష్టం. ఆ కోటాయన్ని ఒక్క సీజను కార్ఖానాలో పప్పు ఆరబెట్టే వేడి బోర్మా పక్కన నిలబెడితే మైండ్‌సెట్ సంగతి తెలుస్తుంది.

అసలు నిజాయితీ అంటే ఏది? కారువాళ్ళు రోజూ అడుగుతారు, "ఇది పలాస పప్పేనా అండీ?" అని. అవునండీ అంటాను. పిక్క ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చి ఉండొచ్చు. మా దగ్గర కార్ఖానాలు ఏడాదంతా నడవాలంటే ఉద్దానం పంట ఒక్కటే చాలదు, బయటి పిక్క తెప్పించుకోవాల్సిందే. కొట్టింది మా ఆడవాళ్ళే, పొట్టు తీసింది వాళ్ళే, ఏరింది వాళ్ళే. మరి అది పలాసది కాదా? అవునంటే అవును, కాదంటే కాదు. దీని మీద నాకు ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా నిద్ర చెడలేదు. నా తూకంలో తేడా లేదు. కాటాకి ఏటా సీలు వేయిస్తాను. పుచ్చు వాసన వచ్చిన పప్పు అమ్మను. ఇంతకంటే ఏం చెయ్యాలి?

ఇక్కడిదాకా టైపు చేసి ఆగాను. తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలుసు గానీ, రాయాలా వద్దా అని కాసేపు ఊరికే కూర్చున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజాము. ఆ గాలి గురించి ఇదివరకే రాశాను, మళ్ళీ రాయను. తెల్లారాక చూస్తే జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పక్కకి ఒరిగి ఉన్నాయి, కొబ్బరిచెట్లు అగ్గిపుల్లలు విరిచినట్టు విరిగి ఉన్నాయి. కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. మా షాపు రేకులు సగం ఎగిరిపోయాయి. పంచదార రెండు బస్తాలు పాకమైపోయాయి. మిగిలిందేమిటంటే పై అటక మీద తడవకుండా ఉన్న కొవ్వొత్తుల పెట్టెలు రెండు. నాన్న పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, మనిషికి రెండు చొప్పున, రోజూ అమ్మే ఐదు రూపాయలకే అమ్మారు. మధ్యాహ్నానికి ఒక పెట్టె ఖాళీ. జంక్షన్లో అవే కొవ్వొత్తులు ఇరవై పలుకుతున్నాయని ఎవరో చెప్పారు. మా దగ్గర కొన్నవాడే అక్కడ పెట్టుకుని అమ్ముతున్నాడట. చూశావా అన్నాను నాన్నతో. "ఆడి యాపారం ఆడిది" అని ఊరుకున్నారు.

రెండో పెట్టె నేను బియ్యం బస్తాల వెనక పెట్టేశాను. నాన్న అలసిపోయి పడుకున్నాక, పెరటి గుమ్మం దగ్గర, అడిగినవాళ్ళకి పదిహేను చొప్పున ఇచ్చాను. దొంగతనమా? కాదు. రేకులెవరు వేయిస్తారు, పంచదార డబ్బులెవరిస్తారు? జంక్షన్లో ఇరవై, మా దగ్గర పదిహేనే, అంటే ఒకరకంగా సాయమే చేస్తున్నానని కూడా అనుకున్నాను. మనిషి బుర్ర అలాంటప్పుడు భలే పనిచేస్తుంది.

రాత్రి ఎనిమిదైంది. ఇల్లంతా చీకటి, అమ్మ వంటింట్లో తడుముకుంటోంది. నాన్న లేచి వచ్చి నా ముందు నిలబడి, "ఇంట్లోకి ఒక కొవ్వొత్తి ఇయ్యరా" అన్నారు. తీసిచ్చాను. ఆయన చొక్కా జేబులోంచి ఒక పది నోటు, ఒక ఐదు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టారు. ఏమీ అనలేదు. కోపంగా కూడా లేరు. ఆ నోటు తడిసి మెత్తగా ఉంది, బల్లకి అతుక్కుపోయింది. కొవ్వొత్తి వెలిగించుకుని వంటింట్లోకి వెళ్ళి, "అన్నం పెట్టవే" అన్నారు అమ్మతో.

ఆ పదిహేనూ చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత ఎవరు తీశారో గుర్తులేదు. నేనే తీసి ఉంటాను.

అలాగని నాన్నని దేవుణ్ణి చెయ్యను. పాయసానికి బద్ద అడిగితే అందులో గుప్పెడు ముక్క కలిపేవారు, "ఉడికితే ఒకటే" అనేవారు. అప్పు పుస్తకంలో ఆయన రాసిన అంకెల్లో ఒకటీ ఏడూ ఒకేలా ఉండేవి, గొడవొస్తే అది ఎప్పుడూ ఏడే అయ్యేది. కాకపోతే ఒకటి. ఆయన చేసింది ఎప్పుడూ ఇంకొకరి మీదకి తొయ్యలేదు. ఒకటి ఏడైతే అది ఆయన ఏడే.

పైన కుర్రాడి పొరపాటు అన్నానని రాశాను. మాస్టారితో అన్నమాట అదే, అంతవరకు నిజం. మిగతాది రాయలేదు. గురువారం రాత్రి షట్టరు దించాక, 320 డబ్బాలో అడుగున ఉన్న నాలుగు కేజీలు తీసి 240 డబ్బాలో పోసింది నేను. చేత్తో అడుగు నుంచి కలిపింది నేను. కేజీకి ఎనభై తేడా, నాలుగు కేజీలకి 320 రూపాయలు. 320 పప్పు కలిపి 320 సంపాదించానని అప్పుడు నాలో నేనే నవ్వుకున్నాను కూడా. ఎవడు లెక్కపెడతాడు అనుకున్నాను. ఆ డబ్బాలోంచి మూడు రోజుల్లో ఐదు కేజీలు పోయింది. సగం హైవే కార్లే, వాళ్ళెవరో, ఏ ఊరో.

కుర్రాడి సంగతి మీకు తెలుసు కదా, మందస వైపు నుంచి వస్తాడు, వాళ్ళమ్మ కార్ఖానాలో పప్పు ఏరుతుంది. నేలమీద పడిన పలుకు చూసి నంబరు చెప్పేస్తాడు. వాడు 240లో 320 పోశాడంటే మా వీధి కుక్క కూడా నమ్మదు. మాస్టారు నమ్మారా? "ఇది లెక్కపెట్టనులేరా" అన్నది అందుకేనేమో. పొద్దున్నుంచీ ఆ మాటని ఒకలా తీసుకున్నాను, ఇప్పుడు ఇంకోలా వినబడుతోంది. సగం సగం తెలిసిన మనిషి అలా అంటాడా, పూర్తిగా తెలిసినవాడు అంటాడా?

నేను ఆ మాట అన్నప్పుడు వాడు పంచదార తూస్తున్నాడు. తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు. మళ్ళీ కాటా వైపు తిరిగి, పది గ్రాములు ఎక్కువుంటే చెంచాతో తీసి, తక్కువైతే వేసి, సరిగ్గా కేజీ అయ్యేదాకా అదే పనిగా తీస్తూ వేస్తూ ఉన్నాడు. అంత సేపు ఎవరూ తూచరు. సాయంత్రం టీ తాగలేదు. షట్టరు దించి తాళాలు నా చేతికిచ్చి, "రేపు నేటవుద్ది బావు" అన్నాడు. రోజూ "ఎల్తన్నాను" అని ఒక్క కేక వేసి సైకిలెక్కి పోయేవాడు. లేటవుద్దంటే ఎంత లేటు? అడగాల్సింది, అడగలేదు.

వాడికి ఒక మెసేజ్ పెట్టాను ఇందాక. "రేపు రా, మాట్లాడాలి" అని. పంపాక చూసుకుంటే వాణ్ణే తిట్టడానికి పిలిచినట్టుంది. చెరిపేశాను. ఇంకోటి పంపాను, అదీ చెరిపేశాను. ఇప్పుడు వాడికి రెండు మెసేజ్‌లు తీసేసినట్టు కనబడుతుంది, పొద్దున్న లేచి అది చూసి ఏమనుకుంటాడో. మాస్టారింటికి వెళ్ళి చెప్పడం తేలికే అనిపిస్తోంది, ఆయన నాలుగు తిట్టి కాఫీ ఇస్తారు. వీడి దగ్గరే మాట రావట్లేదు. షాపు నిండా జనం ఉన్నప్పుడు అన్నాను కాబట్టి, చెప్పేది కూడా జనం ఉన్నప్పుడే చెప్పాలేమో. రేపు సోమవారం, జనం ఉండరు.

డబ్బా ఇంటికి తెచ్చాను, మూడు కేజీలు ఉంది. అర్ధరాత్రి డైనింగ్ టేబుల్ మీద రెండు గిన్నెలు పెట్టుకుని పెద్దవి ఇటూ చిన్నవి అటూ ఏరుతున్నాను. వాడైతే అరగంటలో చేసేస్తాడు, రేపు వాడి చేత ఏరిద్దాం అని ఒక్క క్షణం అనుకున్నాను, అనుకున్నందుకు ఎవరూ చూడకుండానే తల దించుకున్నాను. పెద్దవాటి గిన్నెలో ఇప్పటికి నూట పన్నెండు, చిన్నవాటిలో తొంభై ఆరు. మధ్యలో 240వో 320వో నా కంటికి తేలనివి ఒక గుప్పెడు మిగిలాయి. అవి నములుతూనే ఇదంతా టైపు చేశాను.