ప్రిన్స్‌టన్: బెజ్జం పడకుండానే చతికిలబడ్డ ఓడ

ప్రిన్స్‌టన్ అన్న పేరు అమెరికా నౌకాదళానికి పెద్దగా అచ్చిరాలేదు. 1843 నాటి మొదటి ఓడ మీద మరుసటి ఏడాదే పీస్‌మేకర్ అనే ఫిరంగి పేలి విదేశాంగ మంత్రి, నౌకాదళ మంత్రి ఇద్దరూ పోయారు. (ఆ పేరు పెట్టినవాడి హాస్యం గొప్పదే.) 1944 అక్టోబరులో జపాన్ బాంబుకు తగలబడిన విమానవాహక ప్రిన్స్‌టన్‌ను చివరికి సొంత దళమే ముంచేసింది. 1989లో దళంలో చేరిన క్రూయిజర్ (పెద్ద యుద్ధనౌక) సీజీ-59 రెండేళ్లకే మైన్ల, అంటే నీటిలో అమర్చే బాంబుల, పాలబడినా మునగలేదు. ఈ కథ దానిదే.

ఈ క్రూయిజర్‌కు పేరు వచ్చిన యుద్ధం అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో, 1777 జనవరి 3న న్యూజెర్సీలో జరిగింది. ముందురోజు సాయంత్రానికి ట్రెంటన్ దగ్గర అసన్‌పింక్ వాగుకు ఇటు అమెరికా సేనాని వాషింగ్టన్, అటు బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్. పగలు బురదగా ఉన్న దారి రాత్రి చలికి గడ్డకట్టింది, ఫిరంగి బళ్లు కదిలే వీలు చిక్కింది. చక్రాలకు గుడ్డలు చుట్టి, నెగళ్లు ఆరకుండా చూడటానికి కొందరిని వదిలి, వాషింగ్టన్ సైన్యం చుట్టుదారిన జారుకుంది. తెల్లవారాక ప్రిన్స్‌టన్ దగ్గర బ్రిటిష్ అధికారి మాహుడ్ దళం ఎదురైంది. అమెరికా జనరల్ మెర్సర్ బాయొనెట్ (తుపాకీ కొన బాకు) పోట్లకు కూలాడు, చెదిరిన సైనికులను వాషింగ్టన్ స్వయంగా గుర్రం మీద వచ్చి మళ్లీ నిలబెట్టాడు.

ఇక 1991 ఫిబ్రవరి 18, గల్ఫ్ యుద్ధ కాలం, పర్షియన్ గల్ఫ్ ఉత్తర భాగం. ఆ తెల్లవారుజామున ట్రిపోలీ అనే అమెరికా ఓడ, అడుగున లంగరుకు కట్టి నీటిలో తేలే మైన్‌ను తాకింది. పక్కన దాదాపు 5 మీటర్ల వెడల్పున చిల్లు పడింది. మూడు గంటల్లోపే ప్రిన్స్‌టన్ వంతు వచ్చింది. దాన్ని దెబ్బతీసింది వేరే రకం మైన్: ఇటలీ తయారీ మాంటా. ఇది సముద్రపు అడుగున కూర్చుంటుంది, ఓడ తగలాల్సిన పని లేదు. ఇంజన్ల చప్పుడు, ఉక్కు అయస్కాంత ప్రభావం పసిగట్టి పేలుతుంది. ఒకటి ఎడమ చుక్కాని కింద పేలింది, ఆ అదురుకు కుడి ముందువైపు కొన్ని వందల మీటర్ల దూరంలో ఇంకొకటి పేలింది.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. నీటిలో పేలుడు జరిగితే మొదట ఆఘాత తరంగం, వెనకే వాయు బుడగ పుడతాయి. బుడగ ఉబ్బినప్పుడు ఓడను ఎత్తుతుంది, కుంచించుకున్నప్పుడు కిందికి లాగుతుంది. 170 మీటర్లకు పైగా పొడవున్న ఓడ కొరడాలా ఊగుతుంది. ఉక్కు అడుగుభాగం మూడు చోట్ల నలిగింది. పైకట్టడం అల్యూమినియం, తేలికే గానీ పదేపదే పడే ఒత్తిడికి తొందరగా పగులుతుంది. అదీ చీలింది. ఎడమ చుక్కాని బిగుసుకుంది, ప్రొపెల్లర్‌ను తిప్పే కుడి షాఫ్ట్ (ఇరుసు) చెడింది.

చాలామంది పట్టించుకోని దెబ్బ చల్లటి నీటి పైపులది. రాడార్, కంప్యూటర్లు వేడెక్కకుండా చూసేవి ఇవే. అవి విరిగి నీరు మూడో స్విచ్‌బోర్డు గదిలోకి చేరింది. చల్లదనం పోతే రాడార్ ఆపాలి, స్విచ్‌బోర్డు తడిస్తే కరెంటు పోతుంది. అయినా ముందు భాగంలోని ఆయుధాలూ ఏజిస్ వ్యవస్థా (రాడార్‌తో విమానాలు, క్షిపణుల ముప్పును కనిపెట్టి ఎదుర్కొనేది) 15 నిమిషాల్లో మళ్లీ పనిచేశాయి. మరో ఓడ వచ్చేదాకా దాదాపు 30 గంటలు ప్రిన్స్‌టన్ అక్కడే గగనతల రక్షణ చూసింది.

ఆ చోట ఇంకెన్ని మైన్లు ఉన్నాయో తెలియదు కాబట్టి మైన్ల వేట ఓడ అడ్రాయిట్ ముందు దారి చూపింది, బ్యూఫోర్ట్ అనే ఓడ ప్రిన్స్‌టన్‌ను దాని వెనకే లాక్కుపోయింది. బహ్రెయిన్, దుబాయ్‌లలో మరమ్మతులయ్యాక, మిగిలిన పని కోసం ప్రిన్స్‌టన్ సొంత ఇంజన్లతోనే అమెరికాకు బయల్దేరింది.