నల్ల కారు, బ్రెజిల్ మైనం, చెల్లి పెళ్లి

నల్ల కారు కొంటానన్నప్పుడు మా నాన్నని ఇద్దరు ముగ్గురు ఆపాలని చూశారు. "వైజాగ్‌లో నల్ల కారేంటండీ, దుమ్ము తప్ప ఇంకేమీ కనిపించదు" అన్నారు. ఆయన వినలేదు. తొమ్మిదేళ్లు గడిచాయి. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆయన నడపడం మానేస్తే కారు నా చేతికొచ్చింది. వాళ్లు చెప్పింది నిజమేనని ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

మేముండేది కాన్వెంట్ జంక్షన్‌కి దగ్గర్లో. బాల్కనీ గోడ మీద వేలితో గీస్తే ఒకరోజు నల్లగా, ఒకరోజు ఎర్రగా వస్తుంది. బొగ్గూ, ఇనుప ఖనిజమూ తిరిగే ఊళ్లో అది మామూలే. దానికి సముద్రపు గాలిలో తేమ, ఉప్పు తోడు. కారు మీద ఆ దుమ్ము పొడిగా ఉండదు, కాస్త జిగురుగా అతుక్కుంటుంది. మా అపార్ట్‌మెంట్లో కార్లన్నిటినీ ఒకే అబ్బాయి తుడుస్తాడు. ఒకే బకెట్, ఒకే గుడ్డ. అంటే తొమ్మిదేళ్లుగా నా కారుని రోజూ పొద్దున్నే ఉప్పుకాగితంతో రుద్దించుకుంటున్నానన్నమాట. ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ నిండా సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు. నలుపు నలుపులా లేదు, వెలిసిన గొడుగులా ఉంది.

జనవరిలో చెల్లి పెళ్లి కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం. పెళ్లికొడుకుని ఎదుర్కొని మండపానికి తీసుకురావడానికి అద్దె కారు మాట్లాడదామన్నాను. నాన్న నా వైపు ఒక చూపు చూశారు. ఇంట్లో కారుండగా అద్దె కారా అని ఆ చూపుకి అర్థం. సరే, ఉన్నదాన్నే మెరిపిద్దాం అనుకున్నాను.

పెయింటు మీద గట్టిగా పట్టి ఉండే సిరామిక్ కోటింగ్ అనే పూతకి ఇద్దరిని అడిగాను. ఒకరు పద్దెనిమిది వేలు, ఒకరు పాతిక వేలు చెప్పారు. తొమ్మిదేళ్ల కారుకి, పెళ్లి ఖర్చుల మధ్య, అంత పెట్టబుద్ధి కాలేదు. అప్పుడే ఆఫీసులో ఒకాయన కార్నౌబా వ్యాక్స్ అని, కారుకి పూసే ఒక చెట్టు మైనం సంగతి చెప్పాడు. రెండు వందల గ్రాముల డబ్బా రెండు వేల పైచిలుకుకి తెప్పించాను. మూత తీస్తే లేత పసుపు రంగులో, గట్టిగా, షూ పాలిష్‌కి పెద్దన్నలా ఉంది. నిజానికి షూ పాలిష్‌లోనూ ఇదే మైనం వాడతారు. కొన్ని మాత్రల మీదా చాక్లెట్ గోళీల మీదా మెరిసే పూత కూడా ఇదే. అమ్మకి ఆ సంగతి చెప్తే, ఆ రాత్రి బీపీ మాత్రని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి మరీ వేసుకుంది.

ఈ మైనం ఇచ్చే చెట్టు బ్రెజిల్ ఈశాన్యంలో పెరుగుతుంది. తాటి జాతిది. ఆకు మన తాటాకులాగే విసనకర్ర ఆకారంలో ఉంటుంది. అక్కడ ఎండాకాలం పొడవు. ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టు ఆకు మీద మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే ఆ మైనం పొడిగా రాలుతుంది. సహజంగా దొరికే మైనాల్లో ఇంత గట్టిది లేదంటారు. కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీల వేడి కావాలి. మన తేనెమైనం అరవై దాటితే కరిగిపోతుంది. ఎండలో కాలే బానెట్ మీద దీన్ని ఎందుకు ఎంచుకున్నారో అక్కడే తెలుస్తుంది. ఇంకో మాట. డబ్బా మీద 'ప్యూర్ కార్నౌబా' అని రాసి ఉంటే లోపలున్నదంతా అదే అనుకోకండి. అచ్చంగా ఆ మైనమే అయితే రాయిలా ఉంటుంది, పూయడం అసాధ్యం. నూనెలు, ద్రావకాలు, వేరే మైనాలు కలిపితేనే చేతికి లొంగుతుంది. ఆ కలపడంలోనే డబ్బాకీ డబ్బాకీ తేడా.

ఇంత చదివినవాణ్ని అసలు పని మాత్రం తప్పుగా మొదలుపెట్టాను.

ఒక ఆదివారం పదకొండింటికి కారుని బయట ఖాళీ జాగాలో పెట్టి, రెండు బకెట్ల నీళ్లు కొట్టి, తుడిచి, డబ్బా తీశాను. జనవరి కదా, ఎండ ఏం చేస్తుందిలే అనుకున్నాను. నల్ల బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. అయినా ఆగలేదు. దోసె మీద వెన్న రాసినట్టు దండిగా పట్టించాను. వాచ్‌మన్ వచ్చి కాసేపు చూసి, "ఏటి సార్, కారుకి నెయ్యి రాస్తన్నారా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. పది నిమిషాల తర్వాత తుడవబోతే గుడ్డ కదలదు. ద్రావకం ఎండకి ఆవిరైపోయి మైనం పెచ్చులా పట్టేసింది. గట్టిగా రుద్దితే చారలు, ఇంకా గట్టిగా రుద్దితే ఇంకా చారలు. నల్ల కారు మీద తెల్ల చారలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పెళ్లికి మూడు వారాలుంది. టెన్షన్ మొదలైంది.

మా మేనత్త కొడుకు గాజువాక ఆటోనగర్‌లో కార్లకి పెయింటింగ్ చేస్తాడు. ఫోన్ చేశాను. సాయంత్రం వచ్చి, టార్చిలైటు వేసి బానెట్ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బావా, స్నానం సెయ్యకండా పౌడరేసీసావు కదా" అన్నాడు. డబ్బాలోంచి ఇంకాస్త వ్యాక్స్ తీసి ఆ చారల మీదే పల్చగా రాసి, ఆరనివ్వకుండా వెంటనే తుడిచాడు. చారలు పోయాయి! కొత్త పూతలోని ద్రావకం ఎండిపోయిన పాత పూతని మెత్తబరుస్తుంది, అంతే. తర్వాత ఒక పాలిథిన్ కవర్‌ని చేతికి తొడిగి బానెట్ మీద మెల్లగా జరపమన్నాడు. మామూలుగా చెయ్యి పెడితే నున్నగానే అనిపించింది. కవర్ తొడిగితే మాత్రం గరగర. ఇసక పోసినట్టు. "కడిగితే పోయేది దుమ్ము. ఇది దిగబడిపోయింది. దీని మీద బంగారం పూసినా ఇలాగే ఉంటాది" అన్నాడు.

అక్కణ్నుంచి మొత్తం పని మళ్లీ మొదటికొచ్చింది. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో వ్యాక్స్ పూయడానికి పట్టింది రెండు గంటలే. మిగతాదంతా దానికి ముందు పనే. నన్నడిగితే మెరుపంతా అక్కడే ఉంది, డబ్బాలో కాదు.

మొదట కడగడం. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఎండితే తెల్ల మచ్చలు పడతాయి. అందుకని కుళాయి నీళ్లు డ్రమ్ములో పట్టి పెట్టుకున్నాను. రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డని ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. పై నుంచి కిందికి రావాలి, ఎందుకంటే మురికంతా కింది తలుపుల దగ్గరే ఉంటుంది. రెండో బకెట్ అడుగున మిగిలిన ఎర్రమట్టి లాంటిది చూసి, ఇన్నాళ్లూ దీన్నే కారుకేసి రుద్దించాను కదా అనుకున్నాను.

తర్వాత ఐరన్ రిమూవర్. పెయింటులో గుచ్చుకున్న ఇనుప రజనుని కరిగించే మందు ఇది. బ్రేకులు అరిగినప్పుడు వచ్చే రజను ఏ ఊళ్లోనైనా ఉంటుంది, మా వైపు సంగతి ముందే చెప్పాను. కుళ్లిన గుడ్డు వాసన. ఇనుము తగిలితే ఊదా రంగుకి తిరుగుతుంది. నల్ల పెయింటు మీద రంగు తెలియలేదు కానీ, కింద సిమెంటు మీదకి కారిన నీళ్లు వంకాయ రంగులో పారాయి. పైనుంచి చూస్తున్న చెల్లి "అన్నయ్యా, కారుకి రక్తం కారుతోంది" అని అరిచింది. ఎండనివ్వకుండా కడిగేయాలి. ఇది కూడా నీడలోనే చేయాలి.

ఆ తర్వాత క్లే బార్, పెయింటులో ఇంకా దిగబడి ఉన్నదాన్ని లాగేసే ముద్ద. పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టిలా ఉంటుంది. పెయింటు మీద షాంపూ నీళ్లు బాగా చల్లి, ఆ తడి మీద క్లేని నొక్కకుండా జరపాలి. మొదట పట్టి పట్టి కదులుతుంది, గరగర శబ్దం వస్తుంది. నాలుగైదు సార్లకి జారిపోతుంది, చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు ఆ చోటు అయిపోయినట్టు. ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. మధ్యమధ్యలో క్లేని మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి. కింద పడితే మాత్రం పారేయాల్సిందే, కడిగి వాడకూడదు. నాది ఒక ముక్క అలాగే పోయింది.

గీతల సంగతి బావ చూసుకున్నాడు. మిషన్‌తో బానెట్‌కీ టాప్‌కీ తేలిగ్గా రబ్బింగ్, అంటే పాలిష్, కొట్టాడు. తలుపులకి కూడా కొట్టమంటే ఒప్పుకోలేదు. రంగు మీద ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర మన తల వెంట్రుక మందం కూడా ఉండదు, సుమారు 40, 50 మైక్రాన్లు. రబ్బింగ్ అంటే దాన్ని అరగదీయడమే. అరిగిపోయాక రీపెయింటే గతి. ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. పాలిష్ గీతల్ని తీస్తుంది, వ్యాక్స్ తీయదు. వ్యాక్స్ సన్నగీతల్ని కొంచెం నింపి కనపడకుండా చేస్తుందంతే, మైనం పోగానే అవి మళ్లీ తేలతాయి.

రెండో రోజు సాయంత్రం నాలుగున్నరకి స్టిల్ట్ పార్కింగ్‌లో వ్యాక్స్. పెయింటు చల్లగా ఉందో లేదో అరచెయ్యి పెట్టి మరీ చూసుకున్నాను. ఈసారి స్పాంజిని డబ్బాలో ఒక్కసారి మాత్రమే తిప్పాను. దాంతోనే ఒక తలుపు మొత్తం వచ్చింది. పూశామా లేదా అని అనుమానం వచ్చేంత పల్చగా ఉండాలి. మందంగా పూసినంత మాత్రాన ఎక్కువ రోజులుండదు, తుడవడమే కష్టమవుతుంది. కాసేపటికి చలికాలం అద్దం మీద ఆవిరి పట్టినట్టు తెల్లబడుతుంది. వేలితో ఒక గీత గీయాలి. గీత శుభ్రంగా, మెరుస్తూ వస్తే తుడవొచ్చు. అలుక్కుపోతే ఇంకా ఆగాలి. మామూలుగా ఐదు నిమిషాలని చెప్తుంటారు. మన తేమకి నాకు పన్నెండు, పదిహేను పట్టింది. గడియారం కన్నా వేలే నయం. మైక్రోఫైబర్ గుడ్డలు రెండు పెట్టుకుని, ఒకదాంతో తీసి, రెండోదాంతో మెరుపు తెచ్చాను. బరువు వేయక్కర్లేదు, గుడ్డ దానంతటదే జారుతుంది.

ఒక్క పొరపాటు చేశాను. కిటికీల చుట్టూ ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీలకి టేపు వేయలేదు. వాటికి మైనం అంటుకుని తెల్లగా అయింది. పాత టూత్‌బ్రష్ పెట్టి గంటసేపు కూర్చున్నాను.

ఆ రాత్రి ట్యూబ్‌లైట్ బానెట్ లోపల వెలుగుతున్నట్టు కనిపించింది. కొత్త కారు మెరుపు కాదది. కొత్త కారు గాజులా మెరుస్తుంది. ఇది నూనె పెట్టి దువ్విన జుట్టులా, కాస్త లోతుగా ఉంది. నాన్న కర్ర పట్టుకుని కిందికి దిగి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "నేను కొన్నప్పుడు ఇంత నల్లగా లేదే" అన్నారు.

పెళ్లిరోజు మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ నుంచి బంతిపూలు, గులాబీలు దిగాయి. పూల డెకరేషన్ అతను బానెట్ మీద దండ పరిచి టేపు అంటించాడు. ఊడింది. మళ్లీ అంటించాడు. మళ్లీ ఊడింది. గుడ్డతో తుడిచి అంటించాడు, ఈసారి దండతో సహా జారిపోయింది. "ఏటి రాసీసారండీ దీనికి? ఇరవయ్యేళ్లుగా సేస్తన్నాను, ఇలాటి కారు సూళ్లేదు" అని విసుక్కున్నాడు. మైనం మీద ఏదీ పట్టదు, దాని పనే అది. మరీ పట్టుబట్టి పెట్రోల్ గుడ్డతో తుడుస్తానన్నాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. చివరికి బానెట్ సందుల్లోంచి పురికొస తాళ్లు లాగి కట్టాడు, రెండు వందలు అదనంగా తీసుకున్నాడు. మర్నాడు దండలు విప్పితే టేపు జిగురు లేదు, పూల మరక లేదు. ఈ పని మొత్తానికి నాకు దక్కిన అసలు లాభం అదేనేమో.

ఎన్నాళ్లుంది అంటే, మొదటి నెలంతా నీళ్లు పోస్తే ఆవగింజల్లా గుండ్రంగా నిలిచి జారిపోయేవి. కాకి రెట్ట కూడా తడిగుడ్డ పెడితే వచ్చేసేది. అయితే దాన్ని మర్నాటిదాకా వదలకూడదు, ఆమ్లం మైనాన్ని తినేసి పెయింటు దాకా వెళ్తుంది. రోజూ తుడిచే అబ్బాయికి జీతం ఇచ్చి, తుడవొద్దని చెప్పాను. అతను ఇప్పటికీ నన్ను అనుమానంగానే చూస్తాడు. ఏప్రిల్ రెండో వారానికి నీటి చుక్కలు పరుచుకోవడం మొదలైంది. అంటే పట్టుమని పది వారాలు కూడా కాదు. సిరామిక్ అయితే ఏళ్లు ఉంటుంది, నిజమే. ఇంకొకటి, కారు అడుగున ఉప్పు గాలికి పట్టే తుప్పుకి ఈ మైనంతో సంబంధం లేదు, దానికి వేరే కోటింగ్ చేయించాలి. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు ముందు అది చూసుకోవడం మంచిది.

డబ్బాలో ముప్పావు వంతు అలాగే ఉంది. నిన్న సాయంత్రం కారు కడిగి నీడలోకి తెచ్చి మూత తీస్తుండగా వాచ్‌మన్ తన బైకు తోసుకుంటూ వచ్చి పక్కన స్టాండు వేశాడు. ట్యాంకు అప్పటికే తళతళ కడిగి ఉంది. "ఒక్క రవ్వ నెయ్యి ఇటు కూడా, సార్" అన్నాడు.